ఎర్ర చుక్క పడిన పార్టు

లెక్క నిన్న సాయంత్రం ఎక్కడ తేడా కొట్టిందో అక్కడి నుంచే ఎత్తుకుందాం.

షాపు కట్టేసే వేళకు వెనక వీధి టైలరమ్మ వచ్చి చిన్న ప్లాస్టిక్ కవరొకటి గల్లా బల్ల మీద పెట్టింది. అందులో ఫ్రిజ్ రిలే ఉంది. కంప్రెసర్‌ను లేపి నడిపించే అగ్గిపెట్టెంత ముక్క. "మీ అన్నయ్య కొత్తది వేశాడు పార్టులక్కా. అయినా ఫ్రిజ్ మళ్లీ మొండికేసింది. పాతదాన్ని దాచుకోమని నువ్వే చెబుతావుగా, దాచాను. దీన్నే బాగు చేసి వేయొచ్చేమో చూడు," అంది. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉండి ఉంటే పార్టులక్కకు కొంత తేలిగ్గా ఉండేది. రిలేను వెనక్కి తిప్పి చూస్తే అడుగున ఎర్ర చుక్క కనిపించింది. ఆమె తల ఎత్తేలోపు టైలరమ్మ మెట్లు దిగుతూ ఇంకో మాట అంది. "రేపు పొద్దున గీజర్ చూడ్డానికి వస్తానన్నాడు మీ అన్నయ్య. ఆయన హస్తవాసి మీద మాకు నమ్మకం."

'రేపు మా అన్నయ్యను పిలవకు' అని ఒక్క ముక్క అనొచ్చు అప్పుడు. పార్టులక్క అనలేదు. తలూపి ఊరుకుంది. ఆ తలూపు ఎంతకు పడిందో ఈ వారం తేలుతుంది.

మొదటి నుంచీ చదువుతున్నవారికి ఎర్ర చుక్క సంగతి తెలుసు. కొత్తగా వచ్చి కూర్చున్నవారి కోసం మళ్లీ చెబుతాను. ఇళ్లలో వాడే ఫ్రిజ్‌లకూ మిక్సీలకూ వాషింగ్ మిషన్లకూ కావలసిన విడి భాగాలు అమ్మే షాపు పార్టులక్కది. అందుకే ఆ పేరు. బల్ల మీదికి వచ్చిన ప్రతి పాత పార్టునూ ఆమె మీటరు పెట్టి చూస్తుంది, పార్టు బతికుంటే మీటరు పలుకుతుంది. ప్రాణం లేదని తేలితే దాని మీద గోళ్ల రంగుతో ఎర్ర చుక్క పెట్టి, బల్ల కింద రేకు డబ్బాలో పడేస్తుంది. ఒకసారి చచ్చిన కెపాసిటరొకటి మంచి సరుకులో కలిసిపోయి అమ్ముడుపోయింది. నలుగురిలో తల దించుకోవలసి వచ్చింది. అప్పటి నుంచీ ఈ అలవాటు. డబ్బా నిండినప్పుడల్లా అన్నయ్య వచ్చి పట్టుకెళ్తాడు. రాగి తీగ పీక్కుని మిగిలింది పాత సామాన్లవాడికి వేస్తానంటాడు. ఆమె ఏనాడూ రెండో మాట అడగలేదు. సొంత అన్నను అడిగేదేముంటుంది?

ఎర్ర చుక్క ఉందంటే ఆ రిలే ఈ బల్ల మీదే చచ్చిందని అర్థం. ఈ బల్ల మీద చచ్చిన రిలే టైలరమ్మ ఫ్రిజ్‌లోంచి ఊడి రావడం జరిగే పని కాదు. ఎవరో దాన్ని జేబులో వేసుకెళ్లి, ఆమె ఫ్రిజ్ వెనక వంగి, లేచి, ఇదిగో మీ పాతది అని చేతిలో పెట్టారు. ఆ ఎవరో ఎవరో కనుక్కోవడానికి పార్టులక్క గడప దాటనక్కర్లేదు.

* * *

మోసపోకుండా ఉండడానికి ఆమె అందరికీ మూడు మాటలు చెబుతుంది. పని మొదలెట్టక ముందే ఎంతవుతుందో చెప్పించుకో. మిషన్‌ను నీ కళ్ల ముందే విప్పించు, బాగు చేసి తెస్తానంటే గడప దాటనివ్వకు. తీసిన పార్టు నీ చేతిలో పెట్టించుకుని నా దగ్గరికి పట్టుకురా, అది నిజంగా పోయిందో లేదో మీటరు చెబుతుంది. కొత్తగా కాపురం పెట్టినవాళ్లు కూడా ఈ మూడో మాట వినడానికి ఆమె షాపుకొస్తారు. ఆ మాట మీదే షాపు నిలబడింది. ఆ మాట ఆమెది కూడా కాదు, అన్నయ్యది.

అమ్మ లేని ఇంట్లో నాన్న కూడా చనిపోయిన ఏడాది అన్నయ్య బడి మానేసి నాన్న సంచి భుజానికి తగిలించుకున్నాడు. చెల్లెల్ని ఇంట్లో ఒంటరిగా వదల్లేక ఈ బల్ల మీదే కూర్చోబెట్టి పని చేసుకునేవాడు. ఆమె ఏడుపు మాన్పడానికి ఒక ఆట కనిపెట్టాడు. కళ్లు మూసుకోమని అరచేతిలో ఏదో పార్టు పెట్టేవాడు. అదేమిటో చేత్తో తడిమి చెప్పాలి. స్ప్రింగా, స్క్రూనా, రబ్బరు వాషరా, బేరింగా. తప్పు చెబితే నెత్తి మీద మొట్టికాయ. ఒప్పు చెబితే ఆ పార్టు ఆ రోజుకు ఆమెది. ఆమె చదివిన చదువు అదే. కొత్త సరుకు పెట్టె విప్పగానే ఏది అసలో ఏది నకిలీయో ఇప్పటికీ ఆమెకు ముందు వేళ్లే చెబుతాయి.

ఇక అన్నయ్య చెయ్యి సంగతి వీధంతా చెప్పుకునేది. ఫ్రిజ్ వెనక పైపు మీద అరచెయ్యి ఆనించి, గ్యాసు ఎక్కడ ఆగిందో చెప్పేవాడు. కంప్రెసర్ మీద రెండు వేళ్లు పెట్టి, ఇంకెన్నాళ్లు నడుస్తుందో చెప్పేవాడు. మంచి వైద్యుడికి హస్తవాసి ఉందంటారే, జనం అన్నయ్యకు ఆ మాటే పేరుగా పెట్టేశారు. హస్తవాసి మేస్త్రీ. గల్లా బల్ల అద్దం లోపలి వైపు అతని ఫోన్ నంబరు కార్డు అంటించి ఉంటుంది. ఎవరైనా నమ్మకమైన మనిషి ఉంటే చెప్పమ్మా అని అడిగితే, పార్టులక్క నోరు తెరవదు. వేలు పెట్టి కార్డు చూపిస్తుంది.

* * *

మధ్యాహ్నం ఎండ మెట్ల దాకా వచ్చేసరికి అన్నయ్య వచ్చాడు. భుజాన సంచి, ఒంటి మీద గుండీలు లేని పసుపు చొక్కా. స్టూలు మీద కూర్చుని, "డబ్బా నిండిందా చిట్టీ?" అన్నాడు.

"నిండింది."

"టీ చెప్పు. గొంతు ఎండిపోతోంది."

ఆమె పక్క టీ బడి వైపు చెయ్యి ఊపింది. పొద్దున్నుంచీ మనసులో మాటలు పేర్చుకుని కూర్చుంది. మొదటి మాట నాలుక మీదికి వచ్చేలోపే మిక్సీ మాస్టారు మెట్లెక్కాడు. రిటైరైన లెక్కల మాస్టారాయన. చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు మిక్సీని చంకనేసుకుని తిరుగుతాడని ఆ పేరొచ్చింది.

"ఇద్దరూ ఒక్కచోటే దొరికారు, మంచిది," అని మిక్సీని బల్ల మీద దించాడు. "దీని గొంతు మళ్లీ పోయింది. తిరగదు, మూలుగుతుంది. మా ఇంట్లో అలాంటిది ఇప్పటికే ఒకటుంది, అది నేను. ఇంకోటి అక్కర్లేదంటోంది మా ఆవిడ."

"కార్బన్ బ్రష్‌లు అరిగుంటాయి మాస్టారూ," అంది పార్టులక్క.

"అరగనీ. నేను మాత్రం మోసపోను. మా పక్కింటాయన ఫోన్లో దొరికినవాణ్ణెవణ్ణో పిలిచాడట. వాడు వాషింగ్ మిషన్ విప్పి, బోర్డు పోయింది బాగు చేసి తెస్తానని సంచిలో వేసుకుని ఉడాయించాడు. ఈయనేమో గుమ్మంలో నిలబడి జాగ్రత్తగా వెళ్లిరా బాబూ అన్నాడట." మాస్టారు తనే నవ్వుకున్నాడు. "పాతది చేతిలో పెట్టించుకోవయ్యా, పార్టులక్క సూత్రం తెలీదా అని చీవాట్లు పెట్టాను. మీ అన్నయ్య మా ఇంట్లో ఎన్ని మార్చాడు! ప్రతిదీ నా చేతిలో పెట్టాడు. అన్నీ బిస్కెట్ల డబ్బాలో దాచాను. ఈ చెత్తంతా ఏం చేసుకుంటావని మా ఆవిడ పోట్లాడుతుంది. చెత్త కాదే, ఒక మనిషి నిజాయితీకి సాక్ష్యం, ఉండనీ అంటాను. ఈసారి డబ్బా తెచ్చి చూపిస్తానమ్మా."

"చూపించక్కర్లేదు మాస్టారూ," అన్నాడు అన్నయ్య. చూపు సంచి మీదే ఉంది.

"నీకు మొహమాటం ఎక్కువయ్యా," అని మాస్టారు అతని భుజం తట్టాడు. మిక్సీని వదిలేసి, సాయంత్రం వస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

ఆయన ఇంట్లో ఉన్న డబ్బాలో తన గోళ్ల రంగు ఆనవాళ్లు ఎన్నుంటాయో అనుకుంది పార్టులక్క. లేచి షట్టరు సగానికి దించింది. టీ బడి ఆయన వంగి లోపలికొచ్చి రెండు గాజు గ్లాసులు పెట్టి, "పొంగులోంచి దించాను, జాగ్రత్తక్కా," అని మళ్లీ వంగి వెళ్లాడు.

ఆమె కవరులోంచి రిలే తీసి, చుక్క పైకి కనబడేలా అన్నయ్య ముందు పెట్టింది.

"ఇదేమిటన్నయ్యా?"

"రిలే."

"ఎక్కడిది?"

"నీ డబ్బాలోదేగా. చుక్కుందిగా."

"టైలరమ్మ ఇంటి నుంచి వచ్చింది."

వీధిలో ఎవరో స్కూటరు తన్నుతున్నారు, అది పలకడం లేదు. అన్నయ్య అలవాటుగా అటు చెవి పెట్టి మళ్లీ ఇటు తిరిగాడు.

"పొరపాటున సంచిలో కలిసిందేమో," అన్నాడు.

"కలిసిందనుకుందాం. ఆమె ఫ్రిజ్‌లోంచి తీసింది ఏమైంది మరి?"

"ఉంటుంది ఎక్కడో."

"అసలు తీశావా? కొత్తది వేశానని డబ్బులు తీసుకుని, ఉన్నదాన్నే తుడిచి మళ్లీ బిగించావా? ఈ వీధిలో ఎవడైనా అలా చేస్తే వాడి పేరు చెప్పి షాపు ముందు నిలబెట్టి కడిగేదాన్ని. నిన్నేమనాలో చెప్పు. మాటలు కూడా నువ్వు నేర్పినవే."

"కొత్తది వేశాను," అన్నాడు అన్నయ్య. "అమ్మ మీద ఒట్టు. కొత్తదే వేశాను."

"అయితే పాతది ఏది?"

అతను సంచి పక్క జేబు జిప్పు లాగబోయాడు. వేళ్లు జిప్పు కొస మీద జారిపోయాయి. రెండోసారీ జారాయి. మూడోసారి రెండు చేతులూ పెట్టి లాగి, పాత పేపరు పొట్లమొకటి తీసి బల్ల మీద విప్పాడు. రిలేలు, థర్మోస్టాట్‌లు, రెండు కెపాసిటర్లు, వాషింగ్ మిషన్ నీళ్ల వాల్వొకటి. ఏ ఒక్కదాని మీదా చుక్క లేదు.

పార్టులక్క ఒక రిలే తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. పోయినదైతే లోపల ముక్క విరిగి గలగలమంటుంది. ఇది మాట్లాడలేదు. మీటరు పెట్టింది. మీటరు పలికింది. ఇంకోటి తీసింది, అదీ పలికింది. వాల్వు పలికింది. ఒక్కొక్కటే పెట్టి చూస్తూ పోయింది. పొట్లంలో ఒక్కటి కూడా చచ్చినది లేదు.

"ఇవన్నీ బతికున్నవే," అంది.

"అవును."

"బతికున్నవాటిని పీకి కొత్తవి వేశావా?"

"పోయాయనుకున్నా."

"అనుకున్నావా?" ఆమెకు కోపం కన్నా ముందు ఆశ్చర్యం వచ్చింది. "నువ్వా అనుకోవడం? చెయ్యి పెట్టకుండా ఒక్క స్క్రూ తీసేవాడివా?"

అతను టీ గ్లాసు అందుకున్నాడు. పొంగులోంచి దించిన గ్లాసును, అరచేతి నిండా, మంచినీళ్ల చెంబును పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. పార్టులక్క తన గ్లాసును కొంగు చుట్టి కూడా పట్టుకోలేక అప్పుడే కింద పెట్టింది. అతని చూపుడు వేలి పక్కన పాత కాలిన బొబ్బ ఒకటి కనిపించింది. దాని పక్కన ఇంకోటి.

ఆమె బుర్రలో తేడా కొట్టిన లెక్కలన్నీ ఒక్కసారిగా కూడుకున్నాయి. గుండీల చొక్కాలు మానేశాడు. ఎందుకు వదినా అని అడిగితే, ఇప్పుడిదే ఫ్యాషన్ అంటూ వదిన నవ్వి మాట తప్పించింది. పోయిన నెల షాపు తాళం వేయమంటే తాళం చెవి కన్నంలో పడక, నువ్వే వెయ్యవే అని ఇచ్చేశాడు. ఈ రిలే మీది చుక్క కూడా అంతే. గోళ్ల రంగు ఎండితే చిన్న బొడిపెలా తేలుతుంది. డబ్బాలో మిగతావాటికి పైకి కనిపించిన చుక్కలన్నీ పెట్రోలు గుడ్డతో తుడిచేసి ఉంటాడు. అడుగున ఉన్నది కంటికి కనిపించకపోతే సరే, వేలికి తగలాలి కదా. అన్నయ్య వేలికి.

"కళ్లు మూసుకో," అంది.

"ఏంటే?"

"మూసుకో అన్నయ్యా."

అతనికి అర్థమైంది. ఒద్దులే అన్నట్టు తల అడ్డంగా తిప్పాడు. ఆమె అలాగే చూస్తూ ఉంటే కళ్లు మూసుకుని, అరచెయ్యి బల్ల మీద వెల్లకిలా పెట్టాడు. బ్రష్‌ల నల్లమరక రేఖల్లో ఇంకిపోయిన చెయ్యి. బడి మానేసిన రోజు నుంచీ ఇద్దరి కడుపులూ నింపిన చెయ్యి.

ఆమె వాల్వు పెట్టింది.

"నీళ్ల వాల్వు," అన్నాడు వెంటనే. బరువును బట్టి చెప్పాడు.

అది తీసి చిన్న రబ్బరు వాషర్ పెట్టింది. అతను కొంచెం ఆగాడు. వేళ్లు ముడిచి చూశాడు, వాషర్ రెండు వేళ్ల సందులోంచి జారి బల్ల మీద పడింది. వేళ్లు మాత్రం ఇంకా తడుముతూనే ఉన్నాయి. "స్క్రూ," అన్నాడు.

పార్టులక్క వాషర్‌ను చప్పుడు కాకుండా తీసి పక్కన పెట్టింది. ఆ తర్వాత అతని చేతిలో ఏమీ పెట్టలేదు. తన వేలి కొసతో అరచెయ్యి మధ్యలో ఒకసారి ముట్టుకుని, వెనక్కి తీసుకుంది.

అన్నయ్య ఖాళీ చేతిని మెల్లగా మూశాడు. చిన్నప్పుడు ఆమె మూసినట్టే, ఉన్నది జారిపోతుందేమోనని జాగ్రత్తగా మూశాడు. నుదురు ముడిచి ఆలోచించాడు.

"స్ప్రింగు," అన్నాడు.

ఆమె ఆ పిడికిలి వైపే చూసింది.

"ఒప్పేనా?" కళ్లు మూసుకునే అడిగాడు. "స్ప్రింగేగా? చిన్నది, థర్మోస్టాట్‌లోది."

పార్టులక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. జవాబు రాకపోయేసరికి అతను కళ్లు తెరిచి, పిడికిలి విప్పి చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు. లోపల ఏదీ లేదని కళ్లు చెబుతున్నా, ఇంకా నమ్మనట్టు రెండో చేత్తో తడిమాడు. ఆ రెండో చెయ్యి కూడా ఏమీ చెప్పలేదు.

"ఎప్పటి నుంచి?" అని అడిగింది.

"మొదట్లో తిమ్మిరనుకున్నా. డాక్టరు షుగరన్నాడు. నరాలు తినేసిందట. పోయింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకో అన్నాడు. ఏముందని కాపాడుకునేది?" అతను బల్ల మీది రిలేను దూరంగా నెట్టాడు. "పైపు మీద చెయ్యి పెడితే వేడో చల్లో తెలీదు. కంప్రెసర్ కొట్టుకుంటోందో లేదో తెలీదు. ఇల్లాలు పక్కనే నిలబడి మేస్త్రీ ఏమంటాడా అని మొహంలోకి చూస్తుంటుంది. ఏదో ఒకటి అనాలిగా చిట్టీ. రిలే అన్నా. ఒక్కోసారి తగిలేది. తగలనప్పుడు ఇంకోటి మార్చేవాణ్ణి."

"మీటరు కొనుక్కోవచ్చుగా అన్నయ్యా. టెస్టరు పెట్టుకోవచ్చుగా. నేనివ్వనా?"

"హస్తవాసి మేస్త్రీ మీటరు పెట్టి చూస్తే వీధిలో ఏమనుకుంటారు?"

"చచ్చినవి చేతిలో పెట్టడం ఎందుకు మరి? నువ్వు తీసినవే ఇచ్చేస్తే పోయేదిగా."

అన్నయ్య మొదటిసారి ఆమె కళ్లలోకి చూశాడు. "ఇస్తే వాళ్లు ఎక్కడికి తెస్తారు? నీ దగ్గరికే కదా. నువ్వు మీటరు పెడతావు. అది పలుకుతుంది. మీ అన్నయ్య బతికున్నదాన్ని పీకాడని అందరికన్నా ముందు నీకే తెలిసిపోతుంది."

ఇన్నేళ్లుగా ఆమె మోసగాళ్ల కోసం పన్నిన వల అది. ఎవడూ తప్పించుకోలేడని గర్వంగా చెప్పుకుంది. అందులో ఎవరు చిక్కుకుని గింజుకుంటున్నారో తల వంచి చూసుకోలేదు. వారం వారం డబ్బా నింపి, అన్నయ్యా నిండింది పట్టుకెళ్లు అని తన చేతులతోనే అందించింది.

"చెల్లెలి మీటరుకు భయపడ్డానే," అన్నాడు అతను, నవ్వబోయి. "నీకా మీటరు కొనిచ్చింది నేనే."

పార్టులక్క కళ్లు తుడుచుకుంది. వ్యాపారం చేసే మనిషికి ఏడుపు ఎంత నిజమో, ఆ తర్వాత చేయాల్సిన పనీ అంతే నిజం. అద్దం లోపలికి చెయ్యి పోనిచ్చి కార్డు అంచును గోటితో లేపింది. జిగురు గట్టిపడి ఉంది. సగం వచ్చాక చిరిగి, నంబరు ఆమె చేతికి వచ్చింది, 'మేస్త్రీ' అన్న మాట అద్దానికే ఉండిపోయింది. దాన్ని గీకుతూ ఉంటే అన్నయ్య తల తిప్పుకున్నాడు.

"ఇక నుంచి ఎవరడిగినా నిన్ను చూపించను," అంది.

"చూపించకు."

"మాస్టారి డబ్బా నేను తెప్పిస్తాను. తీసినవి తీసినట్టు ఎవరివి వాళ్లకు ఇచ్చేద్దాం. నువ్వు ఇక్కడే కూర్చో. కంటితో చూసి నువ్వు చెప్పు, చేత్తో నేను చూస్తాను. నాలుగు మాటలు పడాల్సొస్తే ఇద్దరం పడదాం."

"వదిలెయ్ చిట్టీ. జాలి పడి స్టూలు వేస్తే ఎన్నాళ్లు కూర్చుంటాను?"

"జాలి ఎవడికి కావాలి? కొత్త కుర్రాడికి జీతం ఇచ్చే స్తోమత లేక అడుగుతున్నా," అంది. గొంతు మాత్రం ఆ అబద్ధాన్ని నిలబెట్టలేకపోయింది. "ముందు టైలరమ్మకు చెప్పాలి. ఆమె ఫ్రిజ్ ఇంకా ఆగే ఉంది. నేను వెళ్లి చెబుతాను."

"నేనే చెబుతాను. పొద్దున చెబుదామనే వెళ్లాను. గుమ్మంలోనే కుర్చీ వేసి, రండన్నయ్యా అంది. నోరు రాలేదు." అతని మొహంలో ఒక చిన్న వెలుగు కదిలింది. "కానీ గీజర్ మాత్రం నిజంగా బాగు చేశానే. కాయిలు పోయింది. చెయ్యి పెట్టక్కర్లేదు, కంటికే కనిపిస్తోంది, మధ్యకి చీలిపోయింది. కొత్తది వేశాను. పాతది ఆమె చేతిలోనే పెట్టాను. ఈ మధ్యలో నేను నిజంగా నిజం చెప్పిన పని అదొక్కటే."

పార్టులక్క కూడా ఆ వెలుగు కోసమే చూస్తోంది. తలూపబోయింది. నిన్నటి తలూపు గుర్తొచ్చి ఆగిపోయింది.

"ఎర్తు వైరు బిగించావా?"

"బిగించాను. స్క్రూ తిప్పాను."

"బిగిసిందా?"

"బిగిసినట్టే..." అతను చూపుడు వేలూ బొటనవేలూ కలిపి గాల్లో తిప్పి చూసుకున్నాడు. "కంటికి బిగిసినట్టే ఉంది."

"కరెంటు లీకవుతోందేమో చూశావా?"

"చూడకుండా వస్తానా? ఎప్పటిలాగే చూశా."

ఎప్పటిలాగే అంటే ఏమిటో ఆమెకు తెలుసు. ఎవరూ చేయకూడని పద్ధతి అది, ఏ కంపెనీవాడూ నేర్పడు. కానీ నాన్న చేశాడు, అన్నయ్య చేస్తాడు. కాళ్లకు రబ్బరు చెప్పులు వేసుకుని, స్విచ్ వేసి, గీజర్ ఒంటి మీద చేతి వెనక వైపు ఒక్కసారి తాకించి తీసేస్తారు. లోపల ఎక్కడైనా కరెంటు ఒంటికి కారుతుంటే చర్మం మీద చీమలు పాకినట్టు జివ్వుమంటుంది. జివ్వుమంటే పని మళ్లీ విప్పాలి. జివ్వుమనకపోతే ఇల్లాలికి, స్నానం చేసుకోండమ్మా అని చెప్పి రావచ్చు.

"చేతి వెనక వైపు ఆనించి చూశా," అన్నాడు అన్నయ్య. "ఏమీ తెలియ..."

మాట అక్కడే తెగిపోయింది. అతను తన చేతిని చూశాడు. ఆమె కూడా ఆ చేతినే చూసింది.

ఎవరు ముందు లేచారో తెలియదు. స్టూలు దబ్బున పడింది. అన్నయ్య షట్టరు కింద నుంచి వంగి దూరి వీధిలోకి పరుగెత్తాడు. చెప్పులు బల్ల కిందే ఉండిపోయాయి. కాళ్లకు కూడా తెలియదు కాబట్టి ఎండకు మండుతున్న రోడ్డు అతన్ని ఆపలేదు. పార్టులక్క ఫోన్ తీసి టైలరమ్మ నంబరు నొక్కింది. మోగుతోంది. మోగుతోంది. బల్ల మీద సగం చిరిగిన కార్డు, పొట్లంలో బతికున్న పార్టులు, చల్లారుతున్న రెండు టీలు. ఇంకా మోగుతోంది.

ఎత్తారు.

"హలో, ఎవరూ?" టైలరమ్మ కూతురు. ఇంకా కిటికీ ఊచలు పట్టుకుని నిలబడే వయసు.

"నేను పార్టుల అత్తను తల్లీ. అమ్మేదీ?"

"అమ్మ తలంటుకుంటోంది. ఇవాళ వేడి నీళ్లు వచ్చాయిగా. మామయ్య బాగు చేశాడు."

"బంగారూ, స్నానాల గది బయట గోడ మీద ఎర్ర లైటు వెలిగే స్విచ్చుంటుంది చూడు. దాన్ని ఆర్పగలవా?"

"అది పైనుంది అత్తా. నాకు అందదు."

"సరే, సరే. అయితే నువ్వు వెళ్లి తలుపు కొట్టు. గట్టిగా కొట్టి, పంపు ముట్టుకోకుండా బయటికి రమ్మను అమ్మను. నువ్వు మాత్రం లోపలికి వెళ్లకు. నీళ్లలో కాలు పెట్టకు. వింటున్నావా తల్లీ?"

"ఊఁ."

ఫోను దేని మీదో పెట్టిన చప్పుడు. చిన్న కాళ్ల పరుగు. దూరంగా బకెట్లో నీళ్లు పడుతున్న మోత పార్టులక్క చెవికి స్పష్టంగా వినిపిస్తోంది. ఆ మోత వినిపిస్తున్నంత సేపూ ఆమె ఊపిరి తీసుకుంటోంది. పిల్ల తలుపు కొట్టింది. "అమ్మా, పార్టుల అత్త పిలుస్తోంది. అమ్మా."

అప్పుడు లోపల ఏదో చెంబు జారి పడింది.

"అమ్మా?" అంది పిల్ల మళ్లీ.

నీళ్లు మాత్రం పడుతూనే ఉన్నాయి. బకెట్ నిండిపోయి, నేల మీదికి పొర్లుతున్న చప్పుడు.